ఆకాశమా, లోయా? ల్యాండ్‌స్కేప్ ఫొటోలో వెలుతురు లెక్క

డిసెంబరులో గండికోటలో పొద్దు పొడిచేది ఆరున్నర దాటాకే. అయినా ఐదున్నరకల్లా లోయ అంచున రాళ్ల మీద మనుషులు చేరిపోతారు. చలికి మఫ్లర్లు చుట్టుకుని ఫోన్లు పట్టుకున్నవాళ్లు కొందరు, ట్రైపాడ్ కాళ్లను రాళ్ల సందుల్లో సర్దుకునేవాళ్లు కొందరు. కింద పెన్నా నల్లటి చారలా ఉంటుంది. తూర్పున ముందు బూడిద రంగు, తర్వాత పలచటి గులాబీ, ఆ తర్వాత ఉన్నట్టుండి నారింజ. ఆ రంగు రాగానే అందరి చేతులూ ఒక్కసారి లేస్తాయి. రెండు నిమిషాలు గడవకముందే పక్కనుంచి ఎప్పుడూ వినపడే మాటే వినపడుతుంది: "కంటికి కనపడ్డట్టు రావట్లేదేంటి?"

నిజంగానే రాదు. ఆకాశం బాగా వస్తే లోయంతా బొగ్గు పోసినట్టు ఉంటుంది. లోయలో రాళ్లు కనపడేలా తీస్తే ఆకాశం సున్నం కొట్టిన గోడలా తేలుతుంది. నేను మొదటిసారి వెళ్లినప్పుడు ఈ రెండో రకం ఫొటోలే వంద దాకా తీసుకొచ్చాను. ఆ మసకలో కెమెరా స్క్రీన్ మీద అవి బ్రహ్మాండంగా కనపడ్డాయి. ఇంటికొచ్చి కంప్యూటర్లో తెరిస్తే ఒక్కదానిలోనూ సూర్యుడి చుట్టూ రంగు లేదు. తెల్లటి మచ్చ, దాని చుట్టూ పసుపు అంచు, అంతే. ఎడిటింగ్‌లో ఎంత లాగినా తెలుపు బూడిద రంగుకు తిరిగింది కానీ నారింజ తిరిగి రాలేదు.

బాగా వచ్చిన ఫొటో చూసినప్పుడు మనం ముందు అడిగేది "సెట్టింగ్స్ ఎంత పెట్టారు?" అని. ఆ నంబర్లు చెప్పడం తేలికే. ఎఫ్ 8 (లెన్స్ రంధ్రం, అంటే అపర్చర్), 1/125 (షట్టర్ తెరిచి ఉండే సమయం, సెకనులో 125వ వంతు), ఐఎస్‌ఓ 100 (వెలుతురుకు కెమెరా ఎంతగా స్పందించాలో చెప్పే అంకె). కానీ అవే నంబర్లు పది నిమిషాల ముందు పెడితే ఫ్రేమంతా చీకటి, ఇరవై నిమిషాల తర్వాత పెడితే ఇంకో రకం ఫొటో. నంబర్ల కంటే ముందు తేల్చుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఈ దృశ్యంలో ఏది పోయినా ఫర్వాలేదు, ఏది పోకూడదు? అది తేలితే నంబర్లు వాటంతట అవే దిగివస్తాయి. అది తేల్చుకోకుండా ఎంత ఖరీదైన కెమెరా పట్టుకున్నా, ఆ నిర్ణయం మన తరఫున కెమెరా తీసేసుకుంటుంది.

కన్ను వేరు, సెన్సర్ వేరు

కన్ను ఒకచోట నిలిచి చూడదు. ఆకాశం వైపు తిరిగితే కంటిపాప చిన్నదవుతుంది, లోయలోకి చూస్తే పెద్దదవుతుంది. ఇలా ముక్కలు ముక్కలుగా చూసినవాటిని మెదడు కలిపి ఒకే దృశ్యంగా చూపిస్తుంది. మనకా సంగతి తెలియను కూడా తెలియదు. కెమెరాకు ఆ వెసులుబాటు లేదు. ఒక ఫ్రేముకు ఒకటే ఎక్స్‌పోజర్, అంటే లోపలికి తీసుకునే వెలుతురుకు ఒకటే కొలత. ఆకాశానికీ అదే, లోయకూ అదే.

ఈ తేడాను కొలవడానికి ఫొటోగ్రాఫర్లు వాడే కొలత స్టాప్. ఒక స్టాప్ పెరిగిందంటే వెలుతురు రెట్టింపైందని, తగ్గిందంటే సగమైందని. షట్టర్ 1/125 నుంచి 1/60కి వస్తే ఒక స్టాప్ ఎక్కువ. ఐఎస్‌ఓ 100 నుంచి 200కి వెళ్తే ఒక స్టాప్. అపర్చర్‌లో మాత్రం వరస 2.8, 4, 5.6, 8, 11, 16 అని ఉండి కొత్తవాళ్లను తికమక పెడుతుంది. ఆ నంబరు లెన్స్ ఫోకల్ లెంత్‌ను రంధ్రం వ్యాసంతో భాగిస్తే వచ్చేది. వెలుతురు పట్టేది రంధ్రం వైశాల్యాన్ని బట్టి, వైశాల్యం మారేది వ్యాసం వర్గాన్ని బట్టి. అందుకే నంబరు సుమారు 1.4 రెట్లు పెరిగితే వెలుతురు సగమవుతుంది. నంబరు పెద్దదైతే రంధ్రం చిన్నదని గుర్తుంటే చాలు.

ఇక రెట్టింపు లెక్క ఎంత వేగంగా పెరుగుతుందో చూడండి. ఏడు స్టాపులంటే 128 రెట్లు. పది స్టాపులంటే 1024 రెట్లు. గండికోటలో పొద్దు పొడిచే వేళ సూర్యుడి పక్కనున్న ఆకాశానికీ, లోయ అడుగున నీడకూ మధ్య ఏడు స్టాపుల తేడా నేను చాలాసార్లు కొలిచాను. సూర్యబింబాన్ని లెక్కలోకి తీసుకోకుండానే ఇది. పైగా ఆకాశంలో దానికంటే వెలుగైన మబ్బు అంచులుంటాయి, లోయలో దానికంటే నల్లటి రాతి చీలికలుంటాయి.

మంచి ఫుల్‌ఫ్రేమ్ (పాత 35 ఎంఎం ఫిల్మ్ అంత సైజున్న) సెన్సర్ ఐఎస్‌ఓ 100 దగ్గర ల్యాబ్ కొలతల్లో 14 స్టాపుల దాకా పట్టగలదు. వినడానికి కావలసినంత ఉంది కదా అనిపిస్తుంది. అయితే ఆ 14లో అడుగున ఉండే రెండు మూడు స్టాపులు నాయిస్‌తో, అంటే ఇసుక చల్లినట్టుండే చుక్కలతో నిండి ఉంటాయి. ఐఎస్‌ఓ పెంచేకొద్దీ ఈ పరిధి కుంచించుకుపోతుంది. కెమెరా తనే తయారుచేసి ఇచ్చే జేపెగ్‌లో అయితే ఇంకా చిక్కిపోతుంది.

ఈ పరిధికి పైన ఒక అంచు, కింద ఒక అంచు ఉన్నాయి. రెండూ ఒకలా తెగవు. సెన్సర్ మీద ఒక్కో పిక్సెల్‌నూ వెలుతురు కొలిచే కుంచం అనుకోండి. కుంచం నిండాక ఇంకెన్ని గింజలు పోసినా పక్కకు రాలతాయే తప్ప కొలతలోకి రావు. తెల్లగా కాలిపోయిన ఆకాశం అదే. అక్కడ ఏ రంగు ఎంత ఉందో చెప్పే సమాచారం ఎక్కడా నమోదు కాలేదు, కాబట్టి ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి తేలేదు. నీడల వైపు అలా కాదు. కుంచంలో అడుగున నాలుగు గింజలే ఉన్నా ఉన్నాయి. వాటిని ఎడిటింగ్‌లో పైకి లాగొచ్చు, కాస్త నాయిస్ వస్తుంది. అందుకే డిజిటల్‌లో ముందు కాపాడాల్సింది వెలుగైన భాగాన్ని. నెగటివ్ ఫిల్మ్ కాలంలో ఇది తలకిందులుగా ఉండేది. అక్కడ నీడలు ముందు పోయేవి, కాబట్టి నీడలకు ఎక్స్‌పోజ్ చేయమనేవారు. ఆ పాత సలహాను ఇప్పటి కెమెరాకు వాడితే నా మొదటి గండికోట ఫొటోల్లాంటివే వస్తాయి.

మీటరు ఏమనుకుంటుంది?

కెమెరాలోని మీటరుకు మీరు కొండను చూస్తున్నారో మంచును చూస్తున్నారో తెలియదు. దానికి తెలిసింది తన మీద పడిన వెలుతురు ఎంతన్నదే. ఎదురుగా ఉన్నది మధ్యరకం బూడిద రంగు, అంటే పడిన వెలుతురులో దాదాపు 18 శాతాన్ని తిప్పికొట్టేది, అనుకుని లెక్క వేస్తుంది. పచ్చటి చేను, మట్టి రోడ్డు, మామూలు నీలాకాశం ఈ ఊహకు దగ్గరగానే ఉంటాయి కాబట్టి రోజువారీ ఫొటోల్లో ఇబ్బంది రాదు.

లంబసింగిలో వస్తుంది. చింతపల్లి దగ్గర ఆ ఊళ్లో చలికాలం తెల్లవారుజామున పొగమంచు దూదిలా తెల్లగా ఉంటుంది. మీటరు దాన్ని చూసి "ఇంత వెలుతురా, తగ్గించాలి" అనుకుంటుంది. ఫొటోలో మంచు కాస్తా మురికి నీళ్లలా తయారవుతుంది. అక్కడ ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను, అంటే మీటరు లెక్కను మనం స్టాపుల్లో సవరించే చక్రాన్ని, ప్లస్ 1, ఒక్కోసారి ప్లస్ 1.5 దాకా తిప్పాలి. తెల్లటిది తెల్లగా కనపడాలంటే మీటరు చెప్పినదానికంటే ఎక్కువ వెలుతురు ఇవ్వాలి. చాలామందికి మొదట ఇది తిరకాసుగా అనిపిస్తుంది. తడిసిన నల్లరాయి ఫ్రేమంతా నిండి ఉంటే దీనికి సరిగ్గా రివర్స్. మీటరు ఆ రాయిని బూడిద చేస్తుంది, మనం మైనస్ చేసి దాని నలుపు దానికివ్వాలి.

ఇప్పటి కెమెరాల్లో మ్యాట్రిక్స్ మీటరింగ్ చాలా తెలివైనది, ఫ్రేమును ముక్కలుగా విడదీసి చూస్తుంది. ఏడు స్టాపుల తేడా ఎదురైనప్పుడు మాత్రం అది కూడా ఏదో ఒక సగటు దగ్గర ఆగుతుంది. ఆ సగటులో లోయా సరిగ్గా రాదు, ఆకాశమూ సరిగ్గా రాదు. అందుకని పొద్దు పొడుపు దగ్గర నేను ఫ్రేములో ఒక చిన్న చోటును మాత్రమే కొలిచే స్పాట్ మీటరింగ్‌కు మారతాను. అదెలాగో ఒక ఉదయం లెక్కతోనే చూపిస్తాను.

ఐఎస్‌ఓ 100, అపర్చర్ ఎఫ్ 8 పెట్టి కదిలించలేదు. సూర్యుడు ఇంకా కొండ అంచు వెనకే ఉన్నాడు. స్పాట్‌ను సూర్యుడు రాబోయే చోటికి పక్కనున్న నారింజ ఆకాశం మీద పెడితే మీటరు 1/500 అంది. లోయ అడుగున నీడ మీద పెడితే 1/4 అంది. ఈ రెండు అంకెల అర్థం ఏంటంటే, 1/500తో తీస్తే ఆ ఆకాశం మధ్యరకంగా వస్తుంది, 1/4తో తీస్తే ఆ నీడ మధ్యరకంగా వస్తుంది. నాకు రెండూ మధ్యరకంగా అక్కర్లేదు. ఆకాశం వెలుగుతూ ఉండాలి, లోయ చీకటిగానే ఉండాలి కానీ రాళ్ల పొరలు తెలియాలి. నా కెమెరాలో మధ్యరకం కంటే మూడు స్టాపులు పైకి పోతే రంగు కాలిపోవడం మొదలవుతుందని పాత ఫొటోల అనుభవం. కాబట్టి ఆకాశాన్ని రెండు స్టాపులు పైన ఉంచాను. 1/500 నుంచి రెండు స్టాపులంటే 1/125. అప్పుడు లోయ 1/4 దగ్గర ఉండాల్సింది 1/125 దగ్గర ఉంది, అంటే మధ్యరకం కంటే ఐదు స్టాపులు కింద. స్క్రీన్ మీద నల్లగానే కనపడింది. రా ఫైల్‌లో (సెన్సర్ నమోదు చేసినదాన్ని కెమెరా దిద్దకుండా దాచే RAW ఫైల్) షాడోస్, అంటే నీడలు, పెంచితే రాళ్ల ఎరుపు బయటికొచ్చింది, నాయిస్ కొంచెం తోడొచ్చింది.

దృశ్యంలో ఒక్కో భాగాన్ని ఏ మెట్టు మీద నిలబెట్టాలో మనమే నిర్ణయించే ఈ పద్ధతికి జోన్ సిస్టమ్ అని పేరు. అమెరికాలో ఆన్సెల్ ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్ కలిసి 1940 ప్రాంతంలో దాన్ని రూపొందించారు. ఆడమ్స్ న్యూ మెక్సికోలో హెర్నాండెజ్ అనే పల్లె దగ్గర తీసిన చంద్రోదయం ఫొటో ఈ ఆలోచనకు గొప్ప ఉదాహరణ. 1941లో ఒక సాయంత్రం కారులో వెళ్తుంటే, సమాధుల మీది తెల్లటి శిలువలపై చివరి ఎండ పడటం చూసి ఆపాడు. హడావుడిలో లైట్ మీటరు దొరకలేదు. చంద్రుడి వెలుతురు ఎంత ఉంటుందో ఆయనకు తెలుసు, చదరపు అడుగుకు 250 క్యాండిల్స్. ఆ ఒక్క అంకె పట్టుకుని, చంద్రుడు ఫొటోలో ఏ మెట్టు మీద ఉండాలో తేల్చి, లెక్కకట్టి తీశాడు. రెండో ఫొటో తీద్దామనుకునేలోపు శిలువల మీద ఎండ పోయింది. నెగటివ్‌లో కింది భాగం పలచగా వచ్చింది, దాన్ని కొన్నేళ్ల తర్వాత రసాయనంతో గట్టిపరిచాడు. ఏది పోకూడదో ముందు పట్టుకుని, మిగిలింది తర్వాత చూసుకున్నాడన్నమాట.

మూడు చక్రాలు, ఏది ముందు?

అపర్చర్, షట్టర్, ఐఎస్‌ఓ మూడూ సమానమని, ఒకదాన్ని తగ్గిస్తే ఇంకోటి పెంచాలని పాఠాల్లో త్రికోణం గీసి చెబుతారు. వెలుతురు లెక్క వరకు అది సరే. ల్యాండ్‌స్కేప్ దగ్గరికొచ్చేసరికి ఆ మూడింటికీ సమాన హోదా ఉండదని నా అభిప్రాయం. దృశ్యాన్ని బట్టి ఒకటి పెత్తనం చేస్తుంది, మిగతా రెండూ దానికి సర్దుకుంటాయి.

గండికోట లాంటిచోట ఏదీ కదలదు. రాయి రాయిలాగే ఉంటుంది. ట్రైపాడ్ ఉంటే షట్టర్ ఎంతైనా ఫర్వాలేదు. కాబట్టి ఐఎస్‌ఓ 100, అపర్చర్ 8 లేదా 11, షట్టర్ ఎంత వస్తే అంత. 8 ఎందుకంటే కాళ్ల దగ్గరి రాయి నుంచి అవతలి కొండ దాకా స్పష్టంగా రావాలి. అయితే 22 పెడితే ఇంకా స్పష్టం కాదా? కాదు. రంధ్రం మరీ చిన్నదైతే వెలుతురు అంచుల దగ్గర వంగి చెదురుతుంది. ప్రతి చుక్కా చిన్న వృత్తంలా పరుచుకుంటుంది. ఎఫ్ 8 దగ్గర ఆ వృత్తం వ్యాసం సుమారు 11 మైక్రాన్లు, 16 దగ్గర 21 దాటుతుంది. మన కెమెరాల్లో పిక్సెల్ వెడల్పు నాలుగు నుంచి ఆరు మైక్రాన్లు. 22 పెట్టి తీసిన ఫొటోలో దూరపు చెట్లు కాస్త పిండి చల్లినట్టు మెత్తగా కనపడటానికి కారణం ఇదే. ఫోకస్ తప్పిందనో లెన్స్ బాగోలేదనో అనుకుంటాం కానీ తప్పు ఆ నంబరుది.

8తోనే ముందూ వెనకా స్పష్టంగా రావాలంటే ఫోకస్ ఎక్కడ పెట్టామన్నది ముఖ్యం. ఫుల్‌ఫ్రేమ్ మీద 24 ఎంఎం లెన్స్, ఎఫ్ 8 అనుకుంటే సుమారు రెండున్నర మీటర్ల దూరంలో ఫోకస్ చేస్తే చాలు. 1.2 మీటర్ల నుంచి అనంతం దాకా దాదాపు అంతా ఆమోదయోగ్యంగా వస్తుంది. ఎదురుకొండ మీద ఫోకస్ చేస్తే కాళ్ల దగ్గరి రాయి పోతుంది. చీకట్లో ఆటోఫోకస్ వెతుక్కుంటూ తిరుగుతుంది కాబట్టి నేను ఆ దూరంలో ఉన్న రాయి మీద టార్చ్ వేసి, స్క్రీన్ మీద జూమ్ చేసి, చేత్తో ఫోకస్ తిప్పి వదిలేస్తాను. తర్వాత దాన్ని ముట్టుకోను.

గాలి ఉంటే లెక్క మారిపోతుంది. గట్టు మీద రెల్లు పూసి ఉందనుకోండి, ఎఫ్ 8, ఐఎస్‌ఓ 100తో షట్టర్ 1/15 వస్తోంది. ఆ వేగంలో రెల్లు మొత్తం తెల్లటి మరకలా వస్తుంది. పోచ పోచగా నిలవాలంటే కనీసం 1/125 కావాలి. మూడు స్టాపులు ఎక్కణ్నుంచి తేవాలి? అపర్చర్ తెరిస్తే ముందు నుంచి వెనక దాకా ఉండే స్పష్టత పోతుంది, కాబట్టి ఐఎస్‌ఓ 800. ఐఎస్‌ఓ అంటే భయపడి 100 దగ్గరే పట్టుకు కూర్చునేవాళ్లను చాలామందిని చూశాను. కొంచెం నాయిస్‌ను ఇప్పటి సాఫ్ట్‌వేర్ శుభ్రం చేయగలదు, అలుక్కుపోయిన రెల్లును ఎవరూ బాగుచేయలేరు.

కుంటాల దగ్గర పెత్తనం షట్టర్‌ది. ఆదిలాబాద్ జిల్లాలో కడెం నది దాదాపు 45 మీటర్ల ఎత్తు నుంచి దూకే చోటది. వానలు తగ్గాక వెళ్తే నీళ్లూ ఉంటాయి, చుట్టూ అడవీ పచ్చగా ఉంటుంది. మబ్బు పట్టిన రోజైతే అదృష్టం. ఎండ పడితే తెల్లటి నురుగుకూ నల్లటి రాతికీ మధ్య మళ్లీ గండికోట కథే మొదలవుతుంది. మబ్బులో ఎఫ్ 11, ఐఎస్‌ఓ 100 దగ్గర షట్టర్ 1/30 వచ్చిందనుకుందాం. నీటి ధార కనపడేంత వేగమూ కాదు, పట్టులా జారేంత నిదానమూ కాదు. ముందు పోలరైజర్ తగిలిస్తాను. ఆకుల మీద, తడి రాళ్ల మీద మెరుపు తగ్గి అసలు రంగు బయటికొస్తుంది, దానికితోడు రెండు స్టాపుల దాకా వెలుతురు మింగుతుంది. షట్టర్ 1/8 అవుతుంది. రంగు మార్చకుండా వెలుతురు మాత్రం తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్, మూడు స్టాపులది, కూడా పెడితే ఒక సెకను. నాకు సెకను ఎక్కువే అనిపిస్తుంది. అర సెకను దగ్గర నీటికి నునుపూ వస్తుంది, రాయికి తగిలి చీలే చోట దాని బలమూ కనపడుతుంది. మరీ ఎక్కువసేపు తెరిస్తే జలపాతం కాస్తా దూది వేలాడదీసినట్టు ఉంటుంది. కుంటాల అంత హోరుగా పడే నీటికి అది అన్యాయం.

పోలరైజర్ గురించి ఒక జాగ్రత్త. ఆకాశం మీద దాని ప్రభావం సూర్యుడికి 90 డిగ్రీల పక్కన ఎక్కువ, మిగతా చోట్ల తక్కువ. వైడ్ లెన్స్‌తో తీస్తే ఆకాశంలో ఒక ముక్క ముదురు నీలంగా, మిగతాది పాలిపోయి కనపడుతుంది. అలాంటప్పుడు తీసేయడమే మంచిది.

ఒక్క ఫ్రేములో పట్టనప్పుడు

సూర్యుడు బయటికొచ్చాక గండికోటలో ఒక్క ఎక్స్‌పోజర్‌తో బండి నడవదు. అప్పుడు బ్రాకెటింగ్. పైన చెప్పిన 1/125తో ఆకాశానికి ఒకటి, రెండు స్టాపులు పెంచి 1/30తో ఇంకోటి, మళ్లీ రెండు పెంచి 1/8తో లోయకు ఒకటి. మూడూ ట్రైపాడ్ మీంచి, అపర్చర్ మార్చకుండా, కేవలం షట్టర్‌తోనే. తర్వాత కంప్యూటర్లో కలపడం. ఇది మోసం కదా అని అడిగేవాళ్లున్నారు. ఫ్రాన్స్‌లో గుస్తావ్ ల గ్రే 1850ల్లోనే సముద్రానికి ఒక నెగటివ్, ఆకాశానికి ఒక నెగటివ్ విడిగా తీసి ఒకే కాగితం మీద ముద్రించేవాడు. అప్పటి ప్లేట్లకు నీలం వెలుతురు మీద మక్కువ ఎక్కువ, అందుకని ఆకాశం ఎప్పుడూ తెల్లగా తేలేది. సమస్యా పాతదే, దారీ పాతదే. నేను చూసేదల్లా కలిపాక లోయ ఆకాశం కంటే వెలుగ్గా కనపడకూడదని. ఏ ఉదయమూ అలా ఉండదు.

సగం ముదురుగా, సగం తేటగా ఉండే గ్రాడ్యుయేటెడ్ ఫిల్టర్ ఇంకో దారి. విశాఖ తీరంలో సముద్రపు అంచు గీత గీసినట్టు ఉంటుంది కాబట్టి అక్కడ బాగా పనిచేస్తుంది. గండికోటలో కొండ అంచు ఎగుడుదిగుడు. ఫిల్టర్ ముదురు భాగం కొండ కొసల మీద కూడా పడి, అక్కడ అకారణంగా చీకటి కమ్మినట్టు వస్తుంది. అందుకే నా సంచిలోంచి దాన్ని తీసేశాను.

ఏ పద్ధతైనా రా ఫైల్‌లోనే. 14 బిట్ రా ఫైల్‌లో ఒక్కో రంగుకు 16,384 మెట్లుంటాయి, జేపెగ్‌లో 256. ఐదు స్టాపులు కిందున్న లోయను పైకి లాగడానికి ఆ మెట్లు కావాలి. జేపెగ్‌లో లాగితే రాళ్ల మీద చారలు, మచ్చలు తేలతాయి.

స్క్రీన్‌ను నమ్మొద్దు. చీకటికి అలవాటుపడ్డ కంటికి స్క్రీన్ ఎప్పుడూ వెలుగ్గానే కనపడుతుంది. నన్ను మొదటిసారి మోసం చేసింది అదే. హిస్టోగ్రామ్ చూడాలి, అంటే ఎడమ చివర చీకటి, కుడి చివర వెలుగు ఎంతెంత ఉన్నాయో చూపే గ్రాఫ్. అందులోనూ మూడు రంగులూ విడివిడిగా చూపించేది. పొద్దు పొడుపు ఆకాశంలో ఎరుపు పాలు ఎక్కువ. మొత్తం గ్రాఫ్ క్షేమంగా కనపడుతుంటే లోపల ఎరుపొక్కటే కుడి గోడకు కొట్టుకుని ఉండొచ్చు. అలా పోయిన ఎరుపు ఫొటోలో నారింజను చదునైన పసుపు మచ్చగా మారుస్తుంది. ఈ ఒక్కటి తెలియక పాడైన సూర్యోదయాలు నా హార్డ్‌డిస్కులో చాలా ఉన్నాయి. వైట్ బ్యాలెన్స్ (ఫొటో రంగును వెచ్చగానో చల్లగానో సర్దేది) ఆటోలో ఉంటే కెమెరా ఆ వెచ్చటి రంగును లోపమనుకుని దిద్దేస్తుంది. డేలైట్ దగ్గర, అంటే 5500 కెల్విన్ ప్రాంతంలో, ఆపి పెట్టండి. రా అయితే తర్వాత మార్చుకోవచ్చు, కానీ అక్కడ నిలబడి చూస్తున్నప్పుడు సరైన రంగు కనపడితే నిర్ణయాలు కూడా సరిగ్గా ఉంటాయి.

మన సూర్యుడు తొందరమనిషి

పాశ్చాత్య పాఠాల్లో గోల్డెన్ అవర్ (పొద్దు పొడిచాక, కుంకే ముందు బంగారు వెలుగుండే గంట) అనే మాట పదే పదే వస్తుంది. మన దగ్గర అది అవర్ కాదు. మనకు దానికి ఇంకా మంచి మాట ఉంది, నీరెండ. తెలుగు నేల భూమధ్యరేఖకు దగ్గర. ఇక్కడ సూర్యుడు దాదాపు నిట్టనిలువుగా ఎక్కుతాడు, లండన్‌లో ఏటవాలుగా జారుతూ ఎక్కుతాడు. పగలూ రాత్రీ సమానంగా ఉండే మార్చి, సెప్టెంబరు రోజుల్లో గండికోట అక్షాంశం దగ్గర సూర్యుడు అంచు నుంచి ఆరు డిగ్రీలు పైకి రావడానికి 25 నిమిషాలు పడుతుంది. లండన్‌లో అదే ఎత్తుకు 38 నిమిషాలు. నీరెండ మనకు అంత త్వరగా ఎండగా ముదురుతుంది.

తెల్లవారే ముందు కూడా ఇదే పరుగు. పొద్దు పొడవడానికి ఇరవై నిమిషాల ముందు ఎఫ్ 8 దగ్గర రెండు సెకన్లు పట్టిన ఆకాశం, పొద్దు పొడిచే సమయానికి 1/60కి వచ్చేస్తుంది. ఏడు స్టాపులు ఇరవై నిమిషాల్లో. మూడు నిమిషాలకో స్టాప్ మారిపోతుంటే ఒకసారి పెట్టిన సెట్టింగ్ ఎంతసేపు నిలుస్తుంది? కాబట్టి లెన్స్, ఫ్రేము, ఫోకస్, అపర్చర్ అన్నీ చీకట్లోనే ముగించాలి. వెలుతురు వచ్చాక వేలు ఒక్క షట్టర్ చక్రం మీదే ఉండాలి. ప్రతి రెండు నిమిషాలకూ హిస్టోగ్రామ్ చూసి ఒక క్లిక్ తిప్పడం, అంతే.

మిట్టమధ్యాహ్నం సంగతి ఇంకో చివర. మన అక్షాంశాల్లో ఏడాదికి రెండు రోజులు సూర్యుడు సరిగ్గా నెత్తిమీద ఉంటాడు. గండికోటకు ఏప్రిల్ ఆఖరులో ఒకసారి, ఆగస్టు నడుమ ఒకసారి. నిలువు కర్రకు కూడా నీడ ఉండదు. నీడ లేకపోతే లోయ గోడ మీద పొరలు తెలియవు, లోతు తెలియదు. ఆ వేళ ఎక్స్‌పోజర్ మహా తేలిక. ఎండలో ఎఫ్ 16 పెట్టి ఐఎస్‌ఓ ఎంతో షట్టర్ అందులో వంతు పెడితే, అంటే ఐఎస్‌ఓ 100కి 1/100, మీటరు కూడా అక్కర్లేదు. ఫిల్మ్ రోజుల నుంచి ఉన్న సూత్రం అది. కానీ సరైన ఎక్స్‌పోజర్‌తో కూడా చప్పటి ఫొటోనే వస్తుంది. సెట్టింగ్స్ ఎంత వెలుతురో చెబుతాయి, ఆ వెలుతురు ఎటునుంచి వస్తుందన్నది వాటి చేతిలో లేదు.

ఫోన్‌తో తీసేవాళ్లకు కూడా ఈ లెక్కంతా వర్తిస్తుంది. చాలా ఫోన్లలో అపర్చర్ మారదు. ఫోనే వెంటవెంటనే కొన్ని ఫ్రేములు తీసి కలిపేస్తుంది, అందుకే ఒక్కోసారి కెమెరా కంటే ఫోన్‌లోనే ఆకాశం బాగా వస్తుంది. దానికి మీరు చేయగల సాయం ఒకటే. ఆకాశంలో వెలుగైన చోట వేలితో నొక్కి పట్టుకుంటే లాక్ పడుతుంది. తర్వాత కాస్త కిందికి లాగితే వెలుతురు తగ్గుతుంది. మబ్బు అంచుల్లో రంగు కనపడగానే ఆపి తీయండి. లోయ చీకటిగా ఉందని కంగారుపడక్కర్లేదు.

గండికోటలో ఏడింటికల్లా జనం టిఫిన్లకు బయల్దేరతారు. అప్పుడు నేను సూర్యుడికి వీపు తిప్పి నిలబడతాను. ఎదురు గోడ మీద నీరెండ ఏటవాలుగా పడుతుంది, ఒక్కో రాతి పలక కింద వేలెడు నీడ. వెలుగుకూ నీడకూ మధ్య నాలుగైదు స్టాపులకు మించి ఉండవు, ఒక్క ఫ్రేములో సుఖంగా సరిపోతాయి. వైడ్ లెన్స్ తీసి 100 ఎంఎం పెట్టుకుని, గోడలో ఒక చిన్న ముక్క మాత్రమే ఎంచుకుంటాను. ఎఫ్ 8, ఐఎస్‌ఓ 100. ఎండ పడ్డ ఎర్రరాయి మీద స్పాట్ పెట్టి, దాన్ని ముప్పావు స్టాప్ పైన ఉంచి, షట్టర్ నొక్కుతాను. ఆ గోడ మీద నీడలు పొట్టివయ్యేలోపు ఇంకో పదిహేను నిమిషాలుంటాయి.